తెలుగు కథల గంట నడపాలనుకుంటున్నారా? ముందు పిల్లల పక్కన కూర్చునే పెద్దవాళ్లను చూడండి

మీ అపార్ట్‌మెంట్‌లోనో వీధి చివర్లోనో ఒక చిన్న లైబ్రరీ ఉంది, శనివారం సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగులో నాలుగు కథలు చెబుదామని మీకు మనసులో ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. మీలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను చెన్నైలో, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉన్న ఒక అపార్ట్‌మెంట్ లైబ్రరీలో నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. వచ్చేది మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు. వాళ్లతో అమ్మో నాన్నో వస్తారు, లేకపోతే నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో నెలరోజులు ఉండిపోదామని వచ్చిన అమ్మమ్మ వస్తుంది, అదీ కాకపోతే ఇంట్లో పిల్లల్ని చూసుకునే తమిళ అక్క తీసుకొస్తుంది.

మొదటి ఆరు నెలలు నేను బాగా కష్టపడ్డాను. చేతికి తొడిగే బొమ్మలు కుట్టుకున్నాను, పులికి ఒక గొంతు, కుందేలుకి ఒక గొంతు. పిల్లలు కళ్లార్పకుండా చూసేవాళ్లు, పెద్దవాళ్లు గోడవారగా వేసిన కుర్చీల్లో ఫోన్లు చూసుకునేవాళ్లు. ఒకరోజు ఒక తల్లి వచ్చి, "మా వాడు మీ దగ్గరైతే బుద్ధిగా వింటాడండీ, ఇంట్లో నేను పుస్తకం తీస్తే పారిపోతాడు, వారానికి ఇంకో రోజు కూడా పెట్టకూడదా" అంది. మెచ్చుకునే అంది పాపం. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేరుకి కథల గంటే కానీ, పిల్లాడు నా దగ్గర ఉండేది వారానికి అరగంట. మెలకువగా ఉండే మిగతా ఎనభై గంటలూ వాడు ఉండేది ఆవిడ దగ్గర. నా బొమ్మలు, నా గొంతులు చూసి ఆవిడ "ఇది నావల్ల కాదు" అనుకుంటూ ఇంటికి వెళ్తోందంటే, నేను చేస్తున్న పని తలకిందులుగా ఉన్నట్టే.

అమెరికాలో పబ్లిక్ లైబ్రరీల సంఘాలు ఈ సంగతి మనకంటే ముందే గ్రహించాయి. 2004లో వాళ్లు తల్లిదండ్రుల కోసమే ఒక కార్యక్రమం తయారుచేశారు. అందులో పిల్లలకు చదువు రావడానికి కావలసిన ఆరు నైపుణ్యాలను చెప్పారు. 2011లో దాన్ని మళ్లీ రాసినప్పుడు, ఇంట్లో ఎవరైనా చేయగలిగిన ఐదు పనుల చుట్టూ అల్లారు. మాట్లాడటం, పాడటం, చదవడం, రాయడం, ఆడటం. నేను మా వాళ్లకు దీన్ని "మాట, పాట, చదువు, రాత, ఆట" అని చెబుతాను, ఒకసారి వింటే గుర్తుండిపోతుంది. కథల గంట అంటే ఈ ఐదింటినీ పెద్దవాళ్ల కళ్లముందు చేసి చూపించడం, వాళ్ల చేత చేయించడం. మిగతాదంతా దీని తర్వాతే.

ముందు కుర్చీలు తీసేయండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఇదే. గోడవార కుర్చీ ఉంటే పెద్దవాళ్లు ప్రేక్షకులైపోతారు. ఒక పెద్ద చాప పరవండి, ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, పక్కనే. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు ఒక స్టూల్ వేయండి, కానీ గోడ దగ్గర కాదు, మనవరాలి వెనకే, చెయ్యి చాపితే వీపు తగిలేంత దగ్గర్లో. ఎనిమిది నుంచి పదిమంది పిల్లలు చాలు, పదిహేను దాటితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు, రెండు జట్లు చేసుకోండి. ఫోన్లు సంచీలో పెట్టమని మొదటి రోజే నవ్వుతూ చెప్పేయండి, రెండో వారం నుంచి చెప్పడం కష్టం.

టైమ్ విషయానికొస్తే, మధ్యాహ్నం నిద్ర లేచి ఏదో ఒకటి తిన్నాక, ఆటకు దిగక ముందు, అంటే సాయంత్రం ఐదు ప్రాంతం మాకు కుదిరింది. మే నెల ఎండల్లో ఐదున్నరకు జరుపుతాం.

లేచి తిరిగే పిల్లల గురించి టెన్షన్ పడకండి. మూడేళ్ల పిల్ల గది చుట్టూ తిరుగుతూనే కథ వింటుంది. ఆ పిల్ల తల్లికే ముందు ధైర్యం చెప్పాలి, లేకపోతే సిగ్గుపడి మరుసటి వారం రాదు. "తిరగనివ్వండి, చెవులు ఇక్కడే ఉన్నాయి" అని అందరూ వినేలా అనండి.

పుస్తకాలు ఎక్కడివి, ఎలాంటివి

బొమ్మ పెద్దదిగా, అక్షరాలు తక్కువగా ఉండాలి, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుండాలి. మన అమ్మమ్మలు చెప్పే గొలుసు కథలు గుర్తు తెచ్చుకోండి, చేప ఎందుకు ఎండలేదో చేపను అడిగి, గడ్డిమోపును అడిగి, ఆవును అడిగి, అలా చీమ దాకా వెళ్తాం కదా. రెండోసారి చెప్పేటప్పటికే పిల్లలు మనకంటే ముందు ఆ ప్రశ్న అడిగేస్తారు. తర్వాత ఏం వస్తుందో ముందే పట్టుకోగలగడమే చదువుకు మొదటి మెట్టు.

బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ పెట్టారు. అందులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, లెవెల్స్‌గా విడదీసి ఉంటాయి, మీకు మొదటి లెవెల్ చాలు. మన చెన్నైలోనే ఉన్న తూలిక వాళ్లు తెలుగుతో కలిపి తొమ్మిది భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తారు. సికింద్రాబాద్ నుంచి మంచి పుస్తకం వాళ్లవీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవీ తెప్పించుకోవచ్చు. ఒక ఇరవై పుస్తకాలతో ఏడాది నడపొచ్చు, ఎందుకంటే ఈ వయసు పిల్లలకు చదివిందే మళ్లీ కావాలి.

పెద్ద లైబ్రరీలనూ వదలకండి. 2010లో తెరిచిన కోట్టూర్పురం అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల కోసం ప్రత్యేకంగా పెద్ద విభాగం ఉంది, మధ్యలో కృత్రిమంగా కట్టిన చెట్టు కూడా ఉంటుంది, ఒక్కసారి తీసుకెళ్తే పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతారు. ఎగ్మోర్‌లో 1896 నుంచి ఉన్న కన్నెమరా అయితే, దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి, ఆ లెక్కలో తెలుగువీ ఉన్నాయి. ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన రంగనాథన్ గారు 1931లో ఐదు గ్రంథాలయ సూత్రాలు ప్రకటించారు, అందులో రెండోది ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని. చెన్నైలో పెరుగుతున్న మూడేళ్ల తెలుగు పిల్ల కూడా ఆ పాఠకుల్లో ఒకతే అని నేను గట్టిగా నమ్ముతాను. మీ లైబ్రరీ కమిటీ "తెలుగు పుస్తకాలు ఎవరు చదువుతారండీ" అంటే ఈ మాటే చెప్పండి.

ఒక జాగ్రత్త. పుస్తకాన్ని ముందు ఇంట్లో రెండుమూడు సార్లు పైకి చదువుకోండి. కొన్ని అనువాదాల్లో భాష నోరు తిరగదు, అలాంటి వాక్యాన్ని మీ మాటల్లోకి మార్చుకుని పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. మన తెలుగు ఒక్కటి కాదు కదా, మా చాప మీద ఒకరోజు చిలగడదుంప బొమ్మ వస్తే, గుంటూరు వాళ్లు చిలగడదుంప అన్నారు, నెల్లూరు అమ్మమ్మ గెనుసుగడ్డ అంది, వరంగల్ నుంచి వచ్చిన నాన్న కందగడ్డ అన్నాడు. ఏది సరైనదని తేల్చడానికి కూర్చోకండి, మూడూ చెప్పించండి. పిల్లలకు ఒక దుంపతో మూడు మాటలు వచ్చాయి.

అరగంటను ఎలా పంచుకోవాలి

ప్రతివారం ఒకే పాటతో మొదలుపెట్టండి, ఆ పాట వినగానే పిల్లలకు ఎక్కడున్నామో తెలిసిపోతుంది. తర్వాత ఒక పుస్తకం, ఎనిమిది నిమిషాలకు మించకుండా. లేచి గెంతే ఆట. తర్వాత మాటల శబ్దాలతో ఐదు నిమిషాల ఆట. తర్వాత పదినిమిషాలు మీరు నోరు మూసుకోవాలి, దాని గురించి కింద చెబుతాను. చివర ఒక చిన్న పాట. రెండు పుస్తకాలు తెచ్చుకోండి కానీ ఒకటే చదవడానికి సిద్ధపడండి.

ఈ అరగంటలో మూడుసార్లు మీరు పిల్లల వైపు నుంచి తల తిప్పి పెద్దవాళ్లతో మాట్లాడాలి. ఒక్కోసారి ఇరవై సెకన్లు, అంతే. ఉపన్యాసం వద్దు. ఏం చేశాను, ఎందుకు చేశాను, ఇంట్లో ఎప్పుడు చేయొచ్చు, ఈ మూడే. ఉదాహరణకు పుస్తకం తెరిచేటప్పుడు పేరు కింద వేలు జరుపుతూ చదివి, పెద్దవాళ్లతో ఇలా అంటాను: "నేను వేలు పెట్టి చదివాను చూశారా, నల్లగా ఉన్న ఆ గీతల్లోంచే మాట వస్తోందని, ఎడమ నుంచి కుడికి వెళ్తుందని పిల్లకు తెలుస్తుంది. మీరు పాల ప్యాకెట్ మీదా, పెళ్లి శుభలేఖ మీదా ఇలాగే వేలు జరపండి." అయిపోయింది, మళ్లీ కథలోకి. ఈ మాటలు ముందే ఒక చీటీ మీద రాసుకుని పుస్తకానికి అంటించుకోండి, కథలో పడితే మర్చిపోతాం.

అడుగుతూ చదవడం, ఇదే అసలు పని

చాలామంది పెద్దవాళ్లకు పుస్తకం చదవడమంటే మొదటి నుంచి చివరిదాకా తాము చదవడం, పిల్ల కదలకుండా వినడం. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన తోటి పరిశోధకులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. తల్లిదండ్రులు చదివే పద్ధతి కొద్దిగా మార్చుకుని, పిల్లల్ని ప్రశ్నలు అడిగి, వాళ్లు చెప్పినదాన్ని పెంచుతూ పోతే, నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటల్లో తేడా కనిపించింది. పద్ధతి నాలుగు అడుగులే. అడగడం, విని ఔనో కాదో చెప్పడం, దానికి ఇంకాస్త జోడించడం, జోడించినదాన్ని పిల్ల చేత అనిపించడం.

దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది. బొమ్మలో వాన, ఒక కుక్క అరుగు కింద ముడుచుకుని ఉంది. "ఇదెవరు?" అని అమ్మ అడిగింది. "కుక్క" అన్నాడు పిల్లాడు. ఇక్కడ చాలామంది పేజీ తిప్పేస్తారు. తిప్పొద్దు. "అవును కుక్క, తడిసిపోయిన కుక్క." ఆగాలి. "ఎందుకు తడిసింది?" మళ్లీ ఆగాలి, మనసులో ఐదు లెక్కపెట్టాలి. ఈ ఐదు అంకెలే పెద్దవాళ్లకు అన్నిటికంటే కష్టం, రెండో అంకె దగ్గరే జవాబు మనమే చెప్పేస్తాం. నేను చూసిన ఆ రోజు పిల్లాడు చాలాసేపు బొమ్మను చూసి, "దానికి గొడుగు లేదు" అన్నాడు. పుస్తకంలో గొడుగు మాటే లేదు. "అవును, దానికి గొడుగు లేదు, అందుకే అరుగు కింద దాక్కుంది. ఏదీ, ఎక్కడ దాక్కుంది?" "అరుగు కింద." ఓఎంఆర్ ఫ్లాట్‌లో పుట్టిన పిల్లాడికి అరుగు అనే మాట ఆ సాయంత్రం వచ్చింది.

నేను పైన చెప్పిన పదినిమిషాలు ఇందుకే. ప్రతి జంటకీ ఒక పుస్తకం ఇచ్చేసి మీరు పక్కకు తప్పుకోండి. గదంతా గోలగా ఉంటుంది, ఉండనివ్వండి. ఎవరైనా చదివే వేగం ఎక్కువైతే వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని, తప్పు పట్టకుండా, మీరే ఒక ప్రశ్న అడిగి ఆగండి. ఎలా ఆగాలో చూస్తే వాళ్లకే తెలుస్తుంది. "బాగా చదివించారు" అని మాత్రం తప్పకుండా అనండి, పెద్దవాళ్లకూ ఆ మాట కావాలి.

"యూట్యూబ్‌లో తెలుగు కథలు పెడితే సరిపోదా" అని తప్పకుండా అడుగుతారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని తెర చూడటం రోజుకి గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కానీ నేను చెప్పే కారణం వేరే. ఫోన్ మీ పిల్లాడి జవాబు కోసం ఆగదు. "దానికి గొడుగు లేదు" అన్న మాట దానికి వినపడదు.

శబ్దాలతో ఆట

అక్షరాలు కంటికి తెలియకముందు చెవికి తెలియాలి. చప్పట్లతో మాటలు విరవండి: పా-లు, రెండు చప్పట్లు. దో-శ, రెండు. అ-ర-టి-పం-డు, ఐదు. పిల్లల పేర్లు విరిస్తే ఇంకా ఇష్టం. తర్వాత మొదటి శబ్దం పట్టుకోవడం: చీమ, చీర, చీపురు, ఇంకోటి ఎవరు చెబుతారు? చివరి శబ్దం పట్టుకోవడం: గుడి, బడి, తడి, ముడి. అర్థం లేని మాట చెప్పినా తీసుకోండి, "కుడి, నుడి, ఝుడి" అని ఒక పిల్ల చెబితే చెవి సరిగ్గా పనిచేస్తున్నట్టే. ఇంట్లో ఎప్పుడు చేయాలంటే, స్నానం చేయించేటప్పుడు, లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. వేరే టైమ్ అక్కర్లేదు.

చెన్నైలో మనకు ఇంకొకటి ఉంది. బోర్డుల మీద తమిళం, ఇంగ్లీషు, ఇంట్లో శుభలేఖ మీద తెలుగు, ఈ మూడూ వేరువేరు బొమ్మలని పిల్లలు మనం అనుకున్నదానికంటే త్వరగా పసిగడతారు. బస్సు బోర్డు చూపించి "ఇది తమిళం, ఇది ఇంగ్లీష్" అంటే చాలు, నేర్పించక్కర్లేదు.

పిల్ల "అమ్మా, తణ్ణి కావాలి" అని తమిళంలో నీళ్లు అడిగితే అమ్మమ్మలకు దిగులు పట్టుకుంటుంది, తెలుగు పోతోందని. "తణ్ణి అనకూడదు" అనకండి. "నీళ్లు కావాలా? ఇదిగో నీళ్లు" అని ఇవ్వండి. రెండు భాషలు, మూడు భాషలు వింటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు. అయితే రెండేళ్లు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే పలకకపోతే, కథల గంటకు తీసుకొస్తే సరిపోతుందని ఆగకండి, పిల్లల డాక్టర్‌కు చూపించి చెవి పరీక్ష చేయించండి. ఈ మాట మీరు ఆ తల్లిని పక్కకు పిలిచి, ఎవరూ లేనప్పుడు చెప్పండి.

రాత అంటే పలక కాదు, ముందు ముగ్గు

మూడున్నరేళ్లకే గుణింతాలు దిద్దించాలని హడావిడి పడే తల్లిదండ్రులు ప్రతి జట్టులోనూ ఉంటారు. ప్లేస్కూల్ వాళ్లు హోంవర్క్ ఇస్తుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. వాళ్లతో వాదించకండి, పిల్ల చేయి చూపించండి. ఆ వయసు చేతికి వేళ్లలో బలం ఇంకా రాలేదు, బలపం పట్టించి దిద్దిస్తే అరచేయి నొప్పి పుట్టి రాత మీదే విసుగు పుడుతుంది. మన దగ్గర దీనికి మంచి మందు ఉంది. బియ్యప్పిండి.

ఒక స్టీలు పళ్లెంలో పలచగా పిండి పోసి వేలితో గీయమనండి. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలు పట్టి రాయించేదే, రోజూ ఆటగా చేయడం. ధనుర్మాసం వస్తే ఇంకా బాగు, చెన్నైలో ఏ వీధి చూసినా గుమ్మం ముందు ముగ్గే. నాలుగు చుక్కలు మీరు పెట్టండి, కలిపే గీత పిల్ల గీస్తుంది. వంకర్లు పోతుంది, పోనివ్వండి. మన తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రాలూ మెలికలే, ముగ్గులో చుక్క చుట్టూ తిరిగిన వేలికి తర్వాత అ, ఆ కొత్తగా అనిపించవు. పిండి చిటికెతో పట్టి వదలడం వచ్చిన పిల్లకు పెన్సిల్ పట్టుకోవడం వేరే నేర్పక్కర్లేదు. మా జట్టులో జనవరి మొదటి శనివారం కథల గంట లైబ్రరీ లోపల కాదు, గుమ్మం ముందు నేల మీద జరుగుతుంది, ఆ రోజు అమ్మమ్మలే టీచర్లు.

చదువు రాని అమ్మమ్మ, తెలుగు రాని అక్క

వీళ్లిద్దరినీ వదిలేస్తే మీ పని సగం కూడా కానట్టే, ఎందుకంటే పగలంతా పిల్లల దగ్గర ఉండేది చాలా ఇళ్లలో వీళ్లే. కావలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మొదటి రోజు పుస్తకం చేతికిస్తే వెనక్కి ఇచ్చేసి, "నాకు చదువు రాదమ్మా, నువ్వే చెప్పు" అంది. నేను పుస్తకం తెరిచి బావి బొమ్మ చూపించి, "పెద్దమ్మా, మీ ఊళ్లో బావి ఇలాగే ఉండేదా?" అన్నాను. ఇలా ఉండదంట, గిలక ఈ పక్కన ఉంటుందంట, చేద ఎవరో జారవిడిస్తే పాతాళగరిగె వేసి వెతికేవాళ్లంట. మనవరాలు నోరు తెరుచుకుని వింటోంది. గిలక, చేద, పాతాళగరిగె, ఏ పుస్తకంలో ఉన్నాయి ఆ మాటలు? బొమ్మలు మాత్రమే ఉండే పుస్తకాలు నాలుగైదు వీళ్ల కోసం విడిగా పెట్టుకోండి, "మీకు తోచిన కథ చెప్పండి" అనండి.

తమిళ అక్కకు తెలుగు పుస్తకం ఇచ్చి ఇబ్బంది పెట్టకండి. బొమ్మ చూసి తమిళంలోనే చెప్పమనండి, అడిగి ఆగడం అనే పద్ధతి ఏ భాషలోనైనా ఒకటే. పెద్దలకు చెప్పే ఆ ఇరవై సెకన్ల మాట ఆమె కోసం తమిళంలో మరోసారి అనండి, మీకు రాకపోతే జట్టులో ఎవరో ఒకరికి వస్తుంది. ఆమెను పేరు పెట్టి పలకరించండి, కూర్చోవడానికి అందరితో సమానంగా చాప మీదే చోటివ్వండి. ఇది చెప్పాల్సిన విషయం కాకూడదు, కానీ చెప్పాల్సి వస్తోంది.

ఇంటికి ఒక్కటే పంపండి

వెళ్లేటప్పుడు ఒక పుస్తకం, ఒక పని. పని చీటీ మీద ఒకే వాక్యం: "ఈ వారం, అడిగాక ఐదు లెక్కపెట్టి ఆగండి." లేదా "ఈ వారం కూరగాయల పేర్లు చప్పట్లతో విరవండి." రెండు రాస్తే ఏదీ చేయరు. చదువు రానివాళ్లకు నోటితో చెప్పండి. వచ్చే శనివారం మొదటి పాట అయ్యాక "ఎవరింట్లో ఏం జరిగింది?" అని అడగండి, చేయనివాళ్లను మాత్రం పేరు పెట్టి అడగొద్దు.

మూడో నెల నుంచి ఆ ఎనిమిది నిమిషాల పుస్తకం మీరు చదవడం తగ్గించి, వారానికొకరి చేత చదివించండి. నాన్నలను ముందు పిలవండి, వాళ్లు వెనకడుగు వేస్తారు కానీ ఒకసారి చదివితే మానరు.

పుస్తకాలు ఇంటికి పంపితే చిరుగుతాయి. ఫైన్ వేయకండి, ఒక్కసారి ఫైన్ కట్టిన ఇల్లు పుస్తకాన్ని బీరువా మీద పెట్టేస్తుంది, పిల్లకు అందదు. తలుపు దగ్గర బల్ల మీద ఒక పెద్ద టేపు చుట్ట, గుండ్రటి మొనల కత్తెర పెట్టండి. చిరిగిన పుస్తకం తెచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి అంటించండి. అంటించేటప్పుడు ఆ పేజీలో ఏముందో అడగండి.